చేతిపనికి గౌరవం తెచ్చిన ఆష్‌బీ

తాను కూర్చున్న కుర్చీని ఎవరు చేశారో మనిషికి తెలిసిన కాలం ఒకటుండేది. ఊరిలో వడ్రంగి ఎవరో, కమ్మరి ఎవరో, కంసాలి ఎవరో అందరికీ తెలుసు. వస్తువు బాగుంటే చేసినవాడికి పేరు, బాగులేకపోతే నింద. ఇంగ్లండులో ఆవిరియంత్రం వచ్చిన తరువాత ఈ పద్ధతి మారిపోయింది. పల్లెల నుంచి జనం కర్మాగారాలకు వలసపోయారు. పూర్తి కుర్చీ చేసే పనివాడు పోయి, రోజంతా కుర్చీకాళ్లు మాత్రమే కోసే పనివాడు వచ్చాడు. వస్తువులు చవక అయ్యాయి, కాని వాటిలో అందం తగ్గింది. అంతకంటె పెద్ద నష్టం, పనిచేసే మనిషికి తన పనిలోని ఆనందం పోయింది.

ఈ నష్టాన్ని మొదట గట్టిగా ఎత్తిచూపినవాడు జాన్ రస్కిన్ అనే రచయిత. ఆ మాటలను చేతలలో చూపినవాడు విలియం మారిస్. వీరి ప్రభావంతో పంతొమ్మిదవ శతాబ్దం చివర ఇంగ్లండులో ఒక ఉద్యమం బయలుదేరింది. దానికి ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ ఉద్యమమని పేరు. లలితకళ గొప్పది, చేతిపని తక్కువది అనే భేదం ఉండకూడదని, వస్తువు రూపాన్ని ఊహించేవాడు దాన్ని చేసేవాడి పక్కన నిలబడాలని ఈ ఉద్యమకారులు నమ్మారు. వారిలో ఈ నమ్మకం కోసం తన జీవితాన్నే పణంగా పెట్టిన వాస్తుశిల్పి చార్లెస్ రాబర్ట్ ఆష్‌బీ.

ఆష్‌బీ 1863 మే 17న లండను సమీపంలోని ఐల్‌వర్త్‌లో జన్మించాడు. తండ్రి హెన్రీ స్పెన్సర్ ఆష్‌బీ సంపన్నుడైన వ్యాపారి, పుస్తకాలు సేకరించడంలో గొప్ప ఆసక్తి గలవాడు. తల్లి ఎలిజబెత్ జర్మనీలోని హాంబర్గ్ నగరానికి చెందిన యూదు కుటుంబంలో పుట్టింది. కుమారుడు తన వ్యాపారంలో చేరాలని తండ్రి ఆశించాడు. ఆష్‌బీ అందుకు అంగీకరించలేదు. 1883లో కేంబ్రిడ్జిలోని కింగ్స్ కళాశాలలో చేరి చరిత్ర చదివాడు. ఎడ్వర్డ్ కార్పెంటర్ అనే రచయితతో ఆయనకు స్నేహం కలిగింది. కార్పెంటర్ నగరజీవితాన్ని వదలి పల్లెలో నిరాడంబరంగా బతుకుతున్నవాడు. ఈ కార్పెంటర్ రచననే తరువాత గాంధీజీ ‘హింద్ స్వరాజ్’లో ప్రస్తావించాడు. రస్కిన్ పుస్తకమొకటి 1904లో దక్షిణాఫ్రికాలో రైలుప్రయాణంలో గాంధీజీ చేతికి వచ్చి ఆయన జీవితాన్ని ఎలా మార్చిందో మనకు తెలిసినదే. ఎక్కడో ఇంగ్లండులో పుట్టిన ఈ ఆలోచనలు మనకు అంత పరాయివి కావు.

చదువు ముగించిన తరువాత ఆష్‌బీ బోడ్లీ అనే ప్రసిద్ధ వాస్తుశిల్పి దగ్గర శిష్యుడుగా చేరాడు. బోడ్లీ చర్చీల నిర్మాణంలో దిట్ట. పగలంతా అక్కడ పని. రాత్రి నివాసం మాత్రం తూర్పు లండనులోని టాయిన్‌బీ హాలులో. తూర్పు లండను ఆనాడు మురికివాడలకు, పేదరికానికి పేరుపడ్డ ప్రాంతం. చదువుకున్న యువకులు పేదల మధ్య నివసించి వారికి విద్య నేర్పాలనే ఉద్దేశంతో 1884లో స్థాపించిన సంస్థ టాయిన్‌బీ హాలు.

అక్కడ ఆష్‌బీ కొందరు కార్మికులను చేర్చుకొని రస్కిన్ గ్రంథాలు చదివించడం మొదలుపెట్టాడు. కొన్నాళ్లకు ఆయనకు ఒక సందేహం వచ్చింది. చేతిపనిని గూర్చి ఇంత చదువుతున్నాము, చేతితో ఏమీ చేయము, ఇదేమి చదువు? వెంటనే ఆ కార్మికుల చేతనే టాయిన్‌బీ హాలు భోజనశాల గోడలకు అలంకారం చేయించాడు. ఆ పనిలో వారు చూపిన ఉత్సాహమే తరువాతి కథకంతటికీ మూలం. ఒక పాఠశాల, దానికి అనుబంధంగా ఒక కర్మశాల పెట్టాలని ఆయన నిశ్చయించాడు. ఆశీస్సుల కోసం విలియం మారిస్ దగ్గరకు వెళ్లాడు. మారిస్ ప్రోత్సహించలేదు సరికదా, సమాజమంతా మారనిదే ఇటువంటి చిన్న ప్రయత్నాల వల్ల ఫలం లేదని ఆయన ఉత్సాహం మీద నీళ్లు చల్లాడు. ఆష్‌బీ వయస్సు అప్పటికి ఇరవై నాలుగేళ్లు. గురువుగా భావించినవాడు కాదన్నా ఆయన వెనుకంజ వేయలేదు.

1888లో యాభై పౌండ్ల మూలధనంతో, నలుగురు సభ్యులతో ‘గిల్డ్ ఆఫ్ హ్యాండిక్రాఫ్ట్’ ప్రారంభమయింది. మధ్యయుగాలలో ఐరోపా నగరాలలో ఒక్కొక్క వృత్తివారు ఒక్కొక్క సంఘంగా ఏర్పడేవారు. దానిని గిల్డు అనేవారు. మన ప్రాచీన శాసనాలలో కనిపించే ‘శ్రేణి’ ఇటువంటిదే. ఆష్‌బీ ఆ పాత పేరును కావాలనే తీసుకున్నాడు. ఆయన గిల్డులో పనివారు కూలివారు కారు, సభ్యులు. ముఖ్యమైన విషయాలన్నీ వారు కూడి చర్చించి నిర్ణయించేవారు. లాభంలో వారికి భాగముండేది.

1891లో గిల్డు మైల్ ఎండ్ రోడ్డులోని ఎసెక్స్ హౌస్ అనే పాత భవనానికి మారింది. అక్కడ వడ్రంగం, కమ్మరం, వెండిపని, నగలపని, మీనాపని అన్నీ సాగేవి. పనివారిలో చాలామంది ఆ వృత్తులలో పుట్టి పెరిగినవారు కారు. తోపుడుబండి నెట్టుకొనే కుర్రవాడొకడు వచ్చి వెండిపని నేర్చి మంచి పనివాడయ్యాడు. నేర్పేందుకు ఆష్‌బీ ఎంతో శ్రమపడ్డాడు. పదహారవ శతాబ్దపు ఇటలీ స్వర్ణకారుడు చెల్లీని వెండిబంగారాల పనిని గూర్చి రాసిన గ్రంథాన్ని స్వయంగా ఇంగ్లీషులోకి అనువదించి తన లోహపు పనివారికి అంకితమిచ్చాడు. పుస్తకం చదివి కొలిమి దగ్గర నిలబడ్డ కంసాలులు వారు. వారానికొకసారి అందరూ కలిసి భోజనం చేసి పాటలు పాడుకొనేవారు. వేసవిలో పడవలు కట్టుకొని థేమ్స్ నదిపై విహారానికి వెళ్లేవారు. యజమాని, పనివాడు ఒకే పడవలో తెడ్డు వేయడం ఆనాటి లండనులో వింతే.

ఆష్‌బీ రూపకల్పనలో తయారయిన వెండిపాత్రలను చూస్తే ఆయన అభిరుచి తెలుస్తుంది. గిన్నె సాదాగా ఉంటుంది. దాని రెండు పిడులు తీగలా సాగి, గుండ్రంగా వంగి తిరిగి పాత్రను చేరతాయి. అక్కడక్కడ ఒక రంగురాయి. ఉపరితలం మీద సుత్తి దెబ్బల గుర్తులు సన్నగా కనిపిస్తూనే ఉంటాయి. యంత్రంపై చేసిన పాత్రలా నున్నగా రుద్ది వాటిని చెరిపివేయడం ఆయనకు ఇష్టం లేదు. నగలలో నెమలి ఆయనకు ప్రీతిపాత్రమైన రూపం. వెండితీగలు చుట్టిన ఆకుపచ్చ గాజు సీసా ఆయన పేరు చెప్పగానే గుర్తుకువచ్చే మరొక వస్తువు. తల్లి కోసం చెల్సీలో ఇల్లు కడుతుండగా పునాదుల్లో దొరికిన పాతకాలపు గాజు ముక్కలు ఆ సీసాకు ప్రేరణ అంటారు. ‘మాగ్‌పై అండ్ స్టంప్’ అనే ఆ ఇల్లు 1894లో పూర్తయింది. ఆ వీధిలోనే ఆయన కట్టిన మరి రెండు ఇళ్లు నిలిచి ఉన్నాయి కాని, ఆ మొదటి ఇంటిని మాత్రం 1968లో పడగొట్టారు.

పాత ఇళ్లు పడగొట్టడమన్న మాట వచ్చింది కనుక ఆష్‌బీ చేసిన ఇంకొక గొప్ప పనిని ఇక్కడే చెప్పుకోవాలి. గిల్డుకు దగ్గరలో, బ్రామ్లీలో, జేమ్స్ రాజు కాలంనాటి భవనమొకటి ఉండేది. బడి కట్టడానికని దానిని 1893లో పడగొట్టారు. దాని విలువ అధికారులకు తెలియదు. ఆష్‌బీ తెలుసుకొనేసరికే కాలాతీతమయింది. తెలియకపోవడం వల్లనే కదా ఈ అనర్థం అనుకొని, లండనులోని పాత కట్టడాలన్నింటినీ వీధి వీధినా నమోదు చేయడానికి ఆయన 1894లో ఒక సంఘాన్ని ఏర్పరచాడు. కొలతలు తీసి, చిత్రాలు గీసి, చరిత్ర రాసి పెట్టడం దాని పని. మైల్ ఎండులోని ట్రినిటీ వృద్ధాశ్రమాన్ని పడగొట్టబోగా ఆష్‌బీ, ఆయన మిత్రులు ఆందోళన చేసి కాపాడారు. ‘సర్వే ఆఫ్ లండన్’ పేరుతో మొదటి సంపుటం 1900లో వెలువడింది. ఆ గ్రంథమాల ఇరవై ఒకటవ శతాబ్దంలో కూడా సాగుతూనే ఉంది.

మారిస్ 1896లో మరణించాడు. ఆయన నెలకొల్పిన కెల్మ్‌స్కాట్ ముద్రణాలయం 1898లో మూతపడింది. ఆ అచ్చుయంత్రాలను, పనివారిలో కొందరిని ఆష్‌బీ తీసుకొని ఎసెక్స్ హౌస్ ముద్రణాలయం ప్రారంభించాడు. ఒకప్పుడు తనను నిరుత్సాహపరచిన పెద్దాయన యంత్రాలే చివరకు తన ఇంట చేరాయి. ఆ సంవత్సరమే ఆయనకు జానెట్ ఫోర్బ్స్‌తో వివాహమయింది. ఆమె ధైర్యశాలి, కలుపుగోలు మనిషి. గిల్డు కుటుంబాల కష్టసుఖాలు ఆమెకు తెలిసినంతగా ఆష్‌బీకి తెలియవనడం అతిశయోక్తి కాదు.

1900లో వియన్నాలో జరిగిన ప్రదర్శనలో గిల్డు వస్తువులు అందరినీ ఆకర్షించాయి. వాటిని చూసి ప్రేరణ పొందినవారిలో యోసెఫ్ హాఫ్‌మన్ ఒకడు. ఆయన 1903లో వియన్నాలో ఇటువంటి కర్మశాలనే స్థాపించాడు.

గిల్డు పేరు ఇలా దేశాంతరాలకు పాకింది. కాని ఎసెక్స్ హౌస్ అద్దె గడువు ముగియవచ్చింది. పొగతో, ఇరుకు సందులతో నిండిన తూర్పు లండనులో మనిషి మంచి పని చేయలేడని ఆష్‌బీకి ఎప్పటినుంచో తోస్తున్నది. లండనుకు వంద కిలోమీటర్లకు పైగా దూరంలో, కాట్స్‌వోల్డ్ కొండలలో చిపింగ్ క్యాంప్‌డెన్ అనే చిన్న పట్టణముంది. ఒకప్పుడు ఉన్ని వ్యాపారంతో వెలిగి, తరువాత కళ తప్పిన ఊరు. తేనెరంగు రాతి ఇళ్లు చాలా ఖాళీగా పడి ఉన్నాయి. అక్కడికి వెళ్దామా, వద్దా అని సభ్యులను అడిగాడు. వారు చర్చించి ఓటు వేశారు. ఎక్కువమంది వెళ్దామన్నారు. 1902లో సుమారు యాభైమంది పనివారు తమ భార్యాపిల్లలతో, అంతా కలిసి నూటయాభైమంది దాకా, మహానగరం వదలి ఆ పల్లెపట్టుకు తరలివెళ్లారు. బతుకుతెరువు కోసం పల్లె వదలి పట్నం చేరడం లోకరీతి. వీరు ఎదురు నడిచారు.

మూతపడిన పాత పట్టుమిల్లు కర్మశాల అయింది. కింద అచ్చుయంత్రాలు, పైన వెండిపని, ఆ పైన వడ్రంగం. మొదట్లో ఊరివారికి వీరంటే అనుమానం. లండనువారు ఎక్కువ అద్దె ఇవ్వగలరని ఇళ్ల యజమానులు ఆశపడడంతో పాత కాపురస్థులకు ఇబ్బంది కలిగింది కూడా. క్రమంగా ఆ దూరం తగ్గింది. గిల్డువారు నాటకాలు వేశారు, వాద్యబృందం పెట్టారు, ఈతకొలను తవ్వారు. 1904లో ఆష్‌బీ అక్కడ ఒక కళాపాఠశాల తెరిచాడు. ఊరి పిల్లలు, పెద్దలు వంట నుంచి తోటపని దాకా అక్కడ నేర్చుకొన్నారు. చేతిపని ఒక్కటే చదువు కాదని, చేతిపని లేని చదువూ చదువు కాదని ఆయన అభిప్రాయం.

క్యాంప్‌డెన్‌లో గిల్డు వైభవం ఐదారేళ్లకు మించలేదు. కారణాలు ఒకటి కాదు. గిల్డు పద్ధతిని చూసి లండనులోని పెద్ద దుకాణాలు అదే రూపంలో వెండివస్తువులు యంత్రాలపై చేయించి చవకగా అమ్మసాగాయి. సుత్తి గుర్తులు కూడా యంత్రమే వేసేది! కొనేవాడికి తేడా తెలియదు, తెలిసినా ధర తక్కువగా ఉన్నదే కొంటాడు. సరదాకు చేతిపని చేసే ధనవంతుల పిల్లలు తమ వస్తువులను కూలి గిట్టని ధరకు అమ్మడం మరొక దెబ్బ. లండనులో అయితే గిరాకీ తగ్గినప్పుడు పనివాడు వేరేచోట నాలుగు నెలలు పనిచేసుకొని తిరిగి రావచ్చు. పల్లెలో వేరే పని ఎక్కడిది? పనివారిని మాన్పించడం ఆష్‌బీకి మనస్కరించలేదు. వస్తువులు చేస్తూనే పోయారు. అమ్ముడుపోని సరుకు కొట్టులో పేరుకుపోయింది, అప్పు పెరిగింది. 1908లో గిల్డు సంస్థను మూసివేయవలసి వచ్చింది.

ఇందులో ఆష్‌బీ లోపం లేదనలేము. ఆయన లెక్కల మనిషి కాడు. సామాన్యుడి కోసం మొదలుపెట్టిన కర్మశాలలో చేసిన వెండిగిన్నెలను సామాన్యుడు కొనలేడన్న చిక్కుముడిని ఆయన ఎన్నడూ పూర్తిగా విప్పలేకపోయాడు. అయితే ఓటమిని దాచుకోలేదు. ఆ సంవత్సరమే ఒక పుస్తకం రాసి గిల్డు ఎందుకు దెబ్బతిన్నదో ఖర్చులతో, కారణాలతో సహా లోకం ముందుంచాడు. జోసెఫ్ ఫెల్స్ అనే అమెరికా సబ్బుల వ్యాపారి సహాయంతో దగ్గరలో డెబ్భై ఎకరాల భూమి సమకూరింది. కొందరు పనివారు కొంత సేద్యం, కొంత చేతిపని చేసుకొంటూ అక్కడే నిలిచారు.

యంత్రాన్ని గూర్చిన ఆయన ఆలోచన కూడా మారింది. 1900లో అమెరికా వెళ్లినప్పుడు షికాగోలో ఫ్రాంక్ లాయిడ్ రైట్ అనే యువ వాస్తుశిల్పి ఆయనకు మిత్రుడయ్యాడు. రాబోయే కళకు యంత్రమే పనిముట్టు అని రైట్ వాదం. ఆష్‌బీ ఆనాడు ఒప్పుకోలేదు. పదేళ్లు గడిచాక, ఆధునిక నాగరికతకు యంత్రమే ఆధారమని, దానిని గుర్తించని కళావిద్య నిలవదని తానే రాశాడు. రైట్ భవనాలపై 1911లో జర్మనీలో వెలువడిన గ్రంథానికి పరిచయం రాసినవాడూ ఆష్‌బీయే.

క్యాంప్‌డెన్ దగ్గర బ్రాడ్ క్యాంప్‌డెన్‌లో శిథిలమైన పాత ప్రార్థనామందిరమొకటి ఉండేది. దానిని ఆష్‌బీ చక్కని ఇల్లుగా మలచాడు. పాతగోడలను చెక్కుచెదరకుండా ఉంచి కొత్త గదులు వాటికి ఒదిగిపోయేటట్లు కట్టడంలో ఆయన నేర్పు ఇక్కడ బాగా కనిపిస్తుంది. ఆ ఇంట్లో కాపురమున్నవాడు మనకు పరిచితుడైన ఆనంద కుమారస్వామి. సింహళంలో పుట్టి, భారతీయ కళను ప్రపంచానికి వివరించిన మహాపండితుడాయన. గిల్డు నుంచి ముద్రణాలయాన్ని తీసుకొని, మారిస్ వాడిన ఆ యంత్రం మీదనే, మధ్యయుగ సింహళ కళపై తన మహాగ్రంథాన్ని 1908లో అచ్చువేశాడు. మరుసటి ఏడు ఆయన రాసిన ‘భారతీయ శిల్పకారుడు’ అనే అర్థం వచ్చే ఇంగ్లీషు పుస్తకానికి ఆష్‌బీ ముందుమాట సమకూర్చాడు. తాము పోగొట్టుకొని వెదుకుతున్నది భారతదేశపు పల్లెలలో ఇంకా బతికి ఉన్నదనే భావం అందులో కనిపిస్తుంది.

ఈ కుమారస్వామికి ఒక తెలుగువాడు సహచరుడు కావడం మనం గుర్తుంచుకోదగ్గ విషయం. ఎడింబరోలో చదువుకొన్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య ఆయనతో కలిసి నందికేశ్వరుని ‘అభినయ దర్పణం’ ఇంగ్లీషులోకి అనువదించాడు. అది 1917లో అమెరికాలో వెలువడింది. ఆ గోపాలకృష్ణయ్యే తరువాత 1921లో చీరాల-పేరాల ప్రజలను ఊళ్లు ఖాళీ చేయించి రామనగరుకు నడిపించి ‘ఆంధ్రరత్న’గా ప్రసిద్ధికెక్కాడు.

మొదటి ప్రపంచయుద్ధకాలంలో ఆష్‌బీకి ఇంగ్లండులో పని లేకుండా పోయింది. 1917లో ఈజిప్టు వెళ్లి కైరోలోని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో ఇంగ్లీషు బోధించాడు. మరుసటి సంవత్సరం జెరూసలెం నుంచి పిలుపు వచ్చింది. ఆ నగరం 1917 డిసెంబరులో బ్రిటిషువారి వశమయింది. సైనిక గవర్నరు రోనాల్డ్ స్టార్స్ పాతనగరాన్ని పరిశీలించి సలహా చెప్పమని ఆష్‌బీని కోరాడు. క్రైస్తవులు, ముస్లిములు, యూదులు ముగ్గురూ పవిత్రంగా భావించే నగరం అది. అక్కడ ఒక రాయి కదిలించడానికి కూడా ఎంతో ఓర్పు కావాలి.

ఆష్‌బీ అక్కడ పనిచేసినది నాలుగేళ్లు. నగరపు కోటగోడలను బాగుచేయించి, వాటి మీద జనం నడిచే బాటను తిరిగి తెరిపించాడు. చెత్తాచెదారంతో నిండిన పాత పత్తి బజారును శుభ్రం చేయించి మగ్గాలు పెట్టించాడు. మగ్గాలు ఆడుతుంటే కుర్రవాళ్లు వచ్చి పని నేర్చుకొన్నారు. తూర్పు లండనులో మొదలై క్యాంప్‌డెన్‌లో ఆగిపోయినది ఆ బజారులో మళ్లీ ప్రాణం పోసుకొన్నది. కుతాహ్యా నుంచి వచ్చిన ఆర్మీనియా కుమ్మరి డేవిడ్ ఒహనెసియన్ అక్కడ పలకల కర్మశాల స్థాపించాడు. రంగురంగుల పలకలపై మూడు భాషలలో వీధుల పేర్లు రాయించి గోడలకు పెట్టించారు. ఆ నగరపు ప్రజల మధ్య కలహాలు ముదరడం, ప్రభుత్వ విధానం నచ్చకపోవడం వల్ల ఆష్‌బీ 1922లో పదవి వదలి స్వదేశం చేరాడు.

తరువాతి కాలమంతా కెంట్ ప్రాంతంలో భార్యతో, నలుగురు కుమార్తెలతో గడిచింది. ఏళ్ల తరబడి రాస్తూ వచ్చిన దినచర్యల నుంచి తన స్మృతులను సిద్ధం చేశాడు. ఆ దినచర్యలు ఆయన చదివిన కింగ్స్ కళాశాలలోనే భద్రంగా ఉన్నాయి. 1942 మే 23న, డెబ్భై తొమ్మిదేళ్లు నిండిన కొద్దిరోజులకే, ఆష్‌బీ కన్నుమూశాడు.

గిల్డు మూతపడినప్పుడు క్యాంప్‌డెన్ వదలని పనివారిలో జార్జ్ హార్ట్ అనే వెండిపనివాడు ఒకడు. పాత పట్టుమిల్లు మేడమీద తన సుత్తి, దాకలి ఉన్నచోటనే ఉంచుకొని పనిచేస్తూ వచ్చాడు. ఆయన తరువాత కుమారుడు, మనుమడు ఆ పని అందుకొన్నారు. ఇరవై ఒకటవ శతాబ్దంలోనూ ఆ కర్మశాల నడుస్తూనే వచ్చింది. దశాబ్దాల నాటి బిల్లులు తీగలకు గుచ్చినవి గుత్తులు గుత్తులుగా పైకప్పు నుంచి వేలాడుతుంటాయి. వాటి కింద కిటికీ పక్కన కూర్చొని పనివారు వెండిరేకును సుత్తితో కొట్టి గిన్నె చేస్తారు.